పాయింటు తర్వాత అయిదంకెలు

ఏలూరు, 1955 సెప్టెంబరు. కాలేజీ ఫిజిక్సు ల్యాబులో ప్రాక్టికల్ పరీక్ష ఆఖరి గంట. బయటి ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినరు, ఆ కాలేజీ లెక్చరరు సత్తిబాబు, చివరగా మిగిలిన విద్యార్థిని చంద్రకళ.

“ఇదేవిటమ్మా?”

“ఆన్సరండి.”

“ఆన్సరని నాకూ తెలుసు. ఇంత పొడుగెందుకుందని అడుగుతున్నాను. తొమ్మిది వందల డెబ్బైఏడు పాయింటు ఒకటి, ఆరు, నాలుగు, మూడు, ఏడు. ఏలూళ్ళో తివాచీలు నేస్తారని విన్నాను గాని అంకెలు కూడా నేస్తారని తెలీదు. సత్తిబాబు గారూ!”

“ఆయ్, చెప్పండి సార్.”

“మీ కాలేజీలో ఫిజిక్సు చెప్తారా, మగ్గం నేర్పుతారా?”

“ఫిజిక్సేనండి. మజ్జిగ తెప్పించమంటారా సార్? ఉక్కగా ఉంది ఇవాళ.”

“మజ్జిగ తరవాత. ఏవమ్మా, పేరేవిటి?”

“చంద్రకళండి. ఇంతకు ముందు కూడా నేను—”

“పేరడిగితే పేరు చెప్పు, పురాణం అక్కర్లేదు. నేను మొహాలు చూసి మార్కులెయ్యను. అసలు మొహాలే చూడను. కాయితం మీద అంకె చూస్తాను. ఏం ప్రయోగం చేశావు?”

“సింపుల్ పెండ్యులం అండి. దారానికి గుండు కట్టి ఊపి, భూమి ఆకర్షణ ఎంతో కనుక్కున్నానండి.”

“దారం పొడుగు దేంతో కొలిచావు?”

“మీటరు స్కేలుతోనండి. సరిగ్గా వంద సెంటీమీటర్లు పెట్టుకున్నాను.”

“ఆ స్కేలు మీద అన్నిటికన్నా చిన్న గీత ఎంత?”

“మిల్లీమీటరండి.”

“టైమో?”

“స్టాప్ క్లాకుతోనండి. ఇరవై ఊపులకి నలభై పాయింటు రెండు సెకన్లు పట్టింది.”

“ఆ గడియారం ఎంత సన్నంగా చెప్పగలదు?”

“సెకనులో అయిదో వంతు వరకండి. పాయింటు రెండు.”

“అంటే నీ నలభై పాయింటు రెండులో, చివరనున్న ఆ రెండు మీదే మనకి నమ్మకం అంతంతమాత్రం.”

“అవునండి.”

“గడియారానికే మూడో అంకె దగ్గర కాళ్ళు వణుకుతుంటే, నీ ఆన్సరులో ఎనిమిదో అంకె ఎక్కణ్ణించి వచ్చిందమ్మా? పైనుంచి ఊడిపడిందా?”

“భాగహారంలోంచండి.”

“లాగరిథం టేబుల్సు ఇచ్చారు కదా మీకు. వాటిల్లో నాలుగంకెలు దాటి రావే!”

“టేబుల్సు చూడలేదండి. చేత్తో భాగించాను.”

“చేత్తో!”

“మూడు కాయితాలు పట్టిందండి.”

“విన్నారా సత్తిబాబు గారూ? మూడు కాయితాలట. ఇంకో గంట టైమిచ్చి ఉంటే ఇంకో పాతికంకెలు తెచ్చును. ఆ కాయితాన్ని ఇక్కణ్ణించి తాడేపల్లిగూడెం దాకా పరిచి, దాని మీద మనం నడిచి వెళ్ళొచ్చును.”

“మాది అటు పక్కేనండి. పెంటపాడు.”

“చాలా సంతోషం. వంటొచ్చా నీకు?”

“వచ్చండి.”

“చారులో ఉప్పెంత వేస్తావు?”

“చిటికెడండి.”

“చిటికెడంటే ఎంత? రెండు పాయింటు మూడు ఏడు ఒకటి నాలుగు గ్రాములా?”

“కాదండి. చిటికెడంటే చిటికెడేనండి.”

“మరి పొయ్యి దగ్గరుండే బుద్ధి పెండ్యులం దగ్గరికి వచ్చేసరికి ఏ గట్టెక్కి కూచుంది? ఉప్పంటే గుర్తొచ్చింది. సత్తిబాబు గారూ, ఇవాళైనా పులుసులో ఉప్పు చూసి వెయ్యమన్నారా? పోయినసారి మీ ఇంట్లో కొరమీను పులుసు నోట్లో పెట్టుకోలేకపోయాను. రైల్లో బెజవాడ దాకా నీళ్ళు తాగుతూనే ఉన్నాను.”

“చెప్పానండి, చెప్పాను. మా ఆవిడ సూర్యకాంతం దగ్గరుండి మరీ చూసుకుంటోందండి. ఆకివీడు నుంచి పొద్దున్నే వచ్చిందండి చేప. బతికున్న చేపండి. ఇంక లేద్దామా సార్? అమ్మాయిది అయిపోయినట్టే కదండీ.”

“కూచోండి. ఇప్పుడే మొదలైంది. ఏవమ్మా, సిగ్నిఫికెంట్ ఫిగర్సంటే ఏవిటో తెలుసా నీకు? మాట ఎప్పుడైనా చెవిన పడిందా?”

“తెలుసండి. కొలతలో మనం నమ్మగలిగిన అంకెలు, వాటి చివర ఒక్క అనుమానపు అంకె. అంతవరకే విలువున్న అంకెలండి. మిగతావి ఉత్తవండి.”

“అబ్బో! పాయింటు సున్నా సున్నా నాలుగు అయిదు. ఇందులో ఎన్ని?”

“రెండేనండి.”

“సున్నాలేం పాపం చేశాయి?”

“ముందు నిలబడ్డ సున్నాలు పాయింటు ఎక్కడుందో చూపించడానికేనండి. వాటిని మనం కొలవలేదు కదండీ.”

“మీ సత్తిబాబు గారిలాగన్నమాట. తలుపు దగ్గర నిలబడి దారి చూపిస్తారు, లెక్కలోకి రారు. ఏవండీ?”

“ఆయ్, అంతేనండి సార్.”

“నాలుగు పాయింటు అయిదు సున్నా?”

“మూడండి. చివర సున్నాని కొలిచి పెట్టామండి. అది తీసేస్తే కొలతనే తక్కువ చేసినట్టండి.”

“ఊఁ. విలువలేని అంకె రాస్తే ఏవిటి నష్టం? సిరా దండగ తప్ప?”

“లేని నమ్మకం పుట్టిస్తుందండి. మా అమ్మమ్మగారిది ఆకివీడండి. అక్కడ కొల్లేట్లో ముత్యాలరాజని, దోనె మీద తీసుకెళ్ళేవాడు మమ్మల్ని. గెడ దింపి చూసి మొల లోతు అనేవాడు, పీకల్లోతు అనేవాడు. అంతేనండి. నాలుగడుగుల తొమ్మిదంగుళాల మీద పావు అంగుళం అని ఎవడైనా చెప్పాడా, వాడు గెడ దింపకుండా చెప్తున్నాడనేవాడు.”

“బావుంది. దోనె కబుర్లు బావున్నాయి. రౌండాఫ్ చెయ్యడం కూడా దోనె మీదే నేర్చుకున్నావా? పన్నెండు పాయింటు నాలుగు అయిదు. పాయింటు తర్వాత ఒక్క అంకే ఉంచు.”

“పన్నెండు పాయింటు అయిదండి.”

“ఎందుకూ?”

“అయిదొస్తే పైకి పోవాలి కదండీ.”

“కదండీ! కిరాణా కొట్టువాడు కూడా అలాగే అంటాడు. అయిదొచ్చినప్పుడల్లా పైకే పోతే నీ లెక్కలన్నీ నానిన శనగల్లా ఉబ్బిపోవూ? అయిదుకి ముందున్న అంకె చూడాలి. అది బేసైతే ఒకటి కలుపు. సరైతే అయిదుని అవతల పారెయ్యి. అప్పుడు సగంసార్లు పైకి, సగంసార్లు కిందకి పోయి సరిపోతుంది. ఇక్కడ నాలుగు సరా, బేసా?”

“సరి అండి.”

“కాబట్టి?”

“పన్నెండు పాయింటు నాలుగండి.”

“గుర్తుపెట్టుకో. ఎప్పుడో అప్పుడు పనికొస్తుంది. ఇప్పుడు అసలు సంగతికి రా. స్కేలు సంగతి తెలుసు, గడియారం సంగతి తెలుసు, ఎన్నంకెలు నమ్మాలో తెలుసు. ఇన్ని తెలిసినదానివి ఇక్కడెందుకు కొండవీటి చాంతాడు రాశావు?”

“అంటే అండి—”

“సార్, పులుసు చల్లారిపోతుందేమోనండి—”

“చల్లారితే చల్లారనివ్వండి, సత్తిబాబు గారూ! చల్లారిన పులుసే బావుంటుంది. నువ్వు చెప్పమ్మా. నీ కొలత ప్రకారం నువ్వు రాయాల్సిన ఆన్సరెంత?”

“తొమ్మిది వందల డెబ్బైఏడండి. అక్కడితో ఆపెయ్యాలి.”

“మరెందుకు ఆపలేదు?”

“ఒకాయన ఆపొద్దన్నారండి.”

“ఎవరా ఒకాయన?”

“పెద్దాయనేనండి. చదువుకున్నాయనే. పాయింటు తర్వాత ఎన్ని వస్తే అన్నీ రాయాలన్నారు. లేకపోతే సైన్సే కాదన్నారు.”

“ఆహా! పేరు?”

“పేరు తెలీదండి.”

“పేరు తెలీని మనిషి మాట పట్టుకుని పరీక్షలో మూడు కాయితాలు భాగించావా? అబద్ధవాడినా అతికినట్టుండాలమ్మా. ఎవర్నో కాపాడుతున్నావు నువ్వు.”

“లేదండి. నిజంగానే తెలీదండి.”

“సార్, చిన్నపిల్ల. భయపడిందండి. ఎవరో ఏదో అని ఉంటారు, ఇది ఏదో వినుంటుంది. అది వదిలెయ్యండి సార్.”

“మీకెందుకండీ సత్తిబాబు గారూ, అంత చెమటపట్టింది?”

“ఉక్కండి సార్. సెప్టెంబరు ఉక్క.”

“ఉక్కా? ఊఁ. వినండి ఇద్దరూ. ఇది ఈ ఒక్క పిల్ల రోగం కాదు. నిన్న వెళ్ళిన ఊళ్ళోనూ ఇదే, మొన్న వెళ్ళిన ఊళ్ళోనూ ఇదే. ఎక్కడికి వెళ్ళినా నా మొహాన ఏడంకెలు, ఎనిమిదంకెలు. కిందటేడు లేదు ఈ జబ్బు. ఈ ఆర్నెల్లలో ఎవడో గాడిద ఊరూరూ తిరిగి పిల్లలకి అంటించి పోయాడు. వాడెవడో తేల్చి యూనివర్శిటీకి రాయందే నాకు నిద్రపట్టదు. ఏవమ్మా, నీకిది ఎన్నోసారి?”

“రెండోసారండి. మార్చిలో ప్రాక్టికల్సులో తప్పాను.”

“అప్పుడూ ఇలాగే రాశావా?”

“లేదండి. అప్పుడు వేరేగా రాశాను.”

“ఇంకా ఘోరంగానా?”

“ఎగ్జామినరు గారు అలాగే అన్నారండి.”

“ఎవరోగాని సరిగ్గానే అని ఉంటాడు. మార్చిలో ఎవరొచ్చారండీ సత్తిబాబు గారూ?”

“చాలామంది వచ్చారండి సార్. బ్యాచీకొకరండి. నాకు సరిగ్గా… మజ్జిగైనా తీసుకోండి సార్.”

“ఇలా ఇవ్వండి. ఊఁ. అల్లం బావుంది. అసలు నీకెందుకమ్మా ఈ చదువు? పెంటపాట్లో ఊడుపులకి మనుషులు చాలట్లేదా?”

“మాకు చేలున్నాయండి. ఊడుపులూ వచ్చు. తాడేపల్లిగూడెం ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరు పని ఖాళీగా ఉందండి. పాసైతే నాకిస్తామన్నారు. దసరా సెలవులయ్యే దాకా ఆపుతామన్నారు, ఆపైన ఆపరు.”

“తప్పితే?”

“ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారండి. నాన్నగారు కూడా ఇంక చాలన్నారు. మార్చిలో తప్పాక కాలవగట్టు మీద ఎవరెదురైనా ఆయన్ని ఆపి, అమ్మాయి భూమిని తూచేసిందా అండీ అని అడిగేవారు. అయినా ఇవాళ తోడొచ్చారు. వరండాలో కూచున్నారండి, గొడుగు పట్టుకుని.”

“సానుభూతి కోసం చెప్తున్నావా?”

“మీరడిగారని చెప్పానండి.”

“నువ్వు టీచరువైతే తాడేపల్లిగూడెంలో ఆడపిల్లలు జడ పొడుగు కూడా అయిదు డెసిమల్సుకి చెప్తారు. ఊరికి ఉపకారం చేసినవాణ్ణవుతాను నిన్నాపితే. సత్తిబాబు గారూ, మీరెంత వేశారు మార్కులు?”

“సార్, అమ్మాయి ముందర మార్కులు—”

“ఏం? తను ఎంత లోతులో మునిగిందో తనకి తెలియద్దా? గెడ దింపి చూపిద్దాం. ఎంతేశారు?”

“నలభైమూడండి.”

“నలభైమూడు! దేనికి? చేతిరాతకా?”

“కొలత శుభ్రంగా చేసిందండి. దారం కట్టిన పద్ధతీ, ఊపులు లెక్కెట్టిన పద్ధతీ చాలా బావుందండి.”

“నేను ఇరవైఆరు వేశాను. రెండూ కలిపితే అరవైతొమ్మిది. సగం?”

“ముప్పైనాలుగున్నరండి.”

“పాసుకి?”

“ముప్పైఅయిదండి సార్. అర మార్కే కదండీ, మామూలుగా ఇలాంటప్పుడు పైకి—”

“ఇందాక ఈ బల్ల దగ్గరే ఏం చెప్పాను నేను? మీరు వినలేదు, మీ చెవుల్లో పులుసు ఉడుకుతోంది. ఏవమ్మా, నువ్వు విన్నావా? ముప్పైనాలుగు పాయింటు అయిదు. అయిదుకి ముందున్న అంకె సరా, బేసా?”

“…సరి అండి.”

“కాబట్టి?”

“ఇది మార్కు కదండీ—”

“పన్నెండు పాయింటు నాలుగు అయిదుకి టక్కున చెప్పావే! కాబట్టి?”

“ముప్పైనాలుగండి.”

“చూశారా, ఎప్పుడో అప్పుడు పనికొస్తుందన్నాను. ఇంత తొందరగా వస్తుందని నేనూ అనుకోలేదు.”

“సార్, పోనీ నా మార్కు ఒకటి పెంచుతానండి. నలభైనాలుగు—”

“పెంచండి. నేనొకటి తగ్గిస్తాను. రెండు పెంచండి. రెండు తగ్గిస్తాను. పొద్దుగూకేదాకా ఆడదాం ఈ చదరంగం.”

“తప్పైపోయిందండి సార్.”

“ఏడవకమ్మా. ల్యాబులో ఉప్పునీళ్ళు పడకూడదు, ఇత్తడి గుండు పాడైపోతుంది.”

“ఏడవట్లేదండి.”

“ఏడవకపోతే మరీ మంచిది. నీకో దారుంది. నా ఇరవైఆరు ఇరవైఏడు చెయ్యడం నాకు చేతకాక కాదు. ఒక్క గీత. నీకు డెసిమల్సు నేర్పిన ఆ గాడిదెవడో చెప్పు, గీస్తాను.”

“పేరు తెలీదన్నాను కదండీ.”

“మనిషిని చూపించగలవా?”

“చూపించగలనండి.”

“అమ్మాయ్ చంద్రకళా!”

“మీరు నోరు మూసుకోండి సత్తిబాబు గారూ. ఎక్కడున్నాడు వాడు? ఈ ఊళ్ళోనేనా? ఈ కాలేజీలోనేనా? ఈ గదిలోనేనా అని అడగమంటావా?”

“చూపిస్తే ఆయన్నేం చేస్తారండి?”

“మళ్ళీ జన్మలో పాఠం చెప్పకుండా చేస్తాను. పేపరు దిద్దకుండా చేస్తాను. యూనివర్శిటీ గుమ్మం తొక్కనివ్వను.”

“పేపరు కూడా దిద్దనివ్వరాండి?”

“ముట్టుకోనివ్వను.”

“అంత పెద్ద శిక్షాండి?”

“చాలదు! పిల్లల బుర్రల్లో పురుగు పెట్టినవాడికి ఏం వేసినా చాలదు. అంకెంత పొడుగుంటే అంత నిజమనుకునే మొద్దు వాడు. వాడి మొహం ఒక్కసారి చూడాలి నేను.”

“అయితే భయమేస్తోందండి చెప్పాలంటే.”

“ఎవరంటే భయం?”

“ఆయనంటేనేనండి.”

“నేనుండగా వాడేం చేస్తాడు నిన్ను?”

“అదేనండి భయం. మీరుండగానే—”

“సార్! నేనేనండి.”

“ఏవిటి సత్తిబాబు గారూ?”

“ఆ నేర్పినవాణ్ణి నేనేనండి. ఎన్ని వస్తే అన్నీ రాసెయ్యమ్మా అని నేనే చెప్పాను.”

“మాష్టారూ, మీరెందుకండీ—”

“నువ్వూరుకో అమ్మా. నాన్నగారు బయటున్నారు. ఊరుకో.”

“ఆహాహా! ఇందాకట్నించి మజ్జిగ మజ్జిగ అని కలవరించింది అందుకా? నాకు మొదటే అనుమానం. ఎందుకు చెప్పారయ్యా?”

“అంకెలు ఎక్కువుంటే ఎగ్జామినర్లకి నచ్చుతుందనుకున్నానండి.”

“ఏ ఎగ్జామినరుకి? బుద్ధున్న ఏ ఎగ్జామినరుకి నచ్చుతుందండీ ఈ చెత్త?”

“బుద్ధున్నవాళ్ళకి నచ్చదండి. పొరపాటేనండి.”

“ఎంత కాలంగా ఉద్యోగం మీకు?”

“పదేళ్ళు దాటిందండి.”

“పదేళ్ళు! మూడంకెల లెక్క తెలీకుండా పదేళ్ళు జీతం తిన్నారు. ఈ పిల్ల నయం, దానికి తెలుసు. నేనిందాక మిమ్మల్ని ముందు నిలబడ్డ సున్నా అన్నాను. అదీ ఎక్కువే. సున్నా కనీసం దారి చూపిస్తుంది.”

“ఆయ్. మరి అమ్మాయి మార్కండి?”

“నాది ఒకటే మాట. చెప్తే గీస్తానన్నాను, గీస్తాను. నేనేమీ మీ ఆకివీడు చేపల బేరగాణ్ణి కాదు, పొద్దున్నొక మాట, సాయంత్రం ఒక మాట చెప్పడానికి. ఇదిగో, ఇరవైఆరు ఇరవైఏడు. మీ నలభైమూడు. మొత్తం డెబ్బై, సగం ముప్పైఅయిదు. దిద్దిన చోట ఒక పొట్టి సంతకం. కింద పూర్తి సంతకం. ఏవమ్మా, ఎందుకలా వంగి చూస్తావు? ముప్పైఅయిదే వేశాను. నమ్మకం లేదా?”

“ఉందండి. సంతకం చూస్తున్నానండి. చాలా గుండ్రంగా ఉంది.”

“ఊఁ. సత్తిబాబు గారూ, మీరూ చెయ్యండి. చేశాక కవర్లో పెట్టి లక్క వెయ్యండి. అదైనా వచ్చా?”

“వచ్చండి. కొవ్వొత్తి వెలిగించే ఉంచానండి.”

“మీ మీద రిపోర్టు మాత్రం ఈ రాత్రికే రాస్తాను. పులుసు పెట్టారు కదా అని వదిలేస్తాననుకోకండి. పులుసు పులుసే, ఫిజిక్సు ఫిజిక్సే.”

“ఆయ్. మీ దయండి.”

“ఇంక వెళ్ళమ్మా. పాసయ్యావు. ముక్కీ మూలిగీ పాసయ్యావు. గడప దగ్గర నిలబడి ఏవిటి చూస్తున్నావు?”

“ఒక్క సందేహమండి. ఆ మార్కుల కాయితం మళ్ళీ మార్చొచ్చాండి?”

“సంతకాలయ్యి లక్క పడ్డాక బ్రహ్మక్కూడా వీల్లేదు. సీలు చింపితే యూనివర్శిటీ నా దగ్గరే సంజాయిషీ అడుగుతుంది.”

“మాష్టారూ, లక్క గట్టిపడిందాండి?”

“పడిందమ్మా. రాయిలా ఉంది. వెళ్ళిరా తల్లీ, మాట్లాడకుండా వెళ్ళు. నాన్నగారు కనిపెట్టుకుని ఉంటారు.”

“వెళ్తానండి. వెళ్ళే ముందు సారుగారికి ఒక సంగతి చెప్పాలండి. రిపోర్టులో పేరు తప్పు పడకుండా. సత్తిబాబు మాష్టారు నాకు నేర్పింది మూడంకెలేనండి. మార్చిలో నేను రాసింది ఆ మూడంకెలే. ఇదే దారం, ఇదే గుండు, తొమ్మిది వందల డెబ్బైఏడు.”

“అమ్మా, వద్దు—”

“ఉండండి సత్తిబాబు గారూ. మార్చిలో సరిగ్గానే రాశావా? మరి ఎందుకు తప్పావు?”

“ఎగ్జామినరు గారు నా కాయితం కొసన పట్టుకుని, ఎలకని తోక పట్టి ఎత్తినట్టు ఎత్తి అందరికీ చూపించారండి. పాయింటు లేదు, పాడూ లేదు, సైన్సంటే చివరి అంకె దాకా తేల్చాలి, ఇదేమన్నా ఆకివీడు చేపల బేరమా అన్నారు. నేను నోరెత్తబోతే మొహాలు చూడనన్నారు. ఆ బ్యాచీలో వాళ్ళందరం విన్నామండి. అప్పణ్ణించే అందరూ ఎన్నంకెలొస్తే అన్నీ రాస్తున్నారు.”

“చేపల… ఎవరు? ఎవరా ఎగ్జామినరు?”

“మొహం నాకు గుర్తుందండి. ఆయనకి నా మొహం గుర్తులేదు. ఆ పూట పులుసులో ఉప్పు మాత్రం గుర్తుంది. పేరు అప్పుడు తెలీదండి. ఇందాక మీరు సంతకం పెడుతుంటే వంగి చదివాను. కె. పాండురంగారావు.”